ఫ్రీజర్లు చైనా నుంచి, అమ్మోనియా మిషన్ ఇక్కడి నుంచి: ఎనుమాముల దారిలో ఒక దిగుమతి కేసు

హన్మకొండలో నేను దిగుమతి, ఎగుమతి కాగితాల పని చేస్తాను. వచ్చేవి ఎక్కువగా ఎగుమతి కేసులే: మిర్చి, పత్తి, కరీంనగర్ వైపు గ్రానైట్. శీతల యంత్రాల దిగుమతి అరుదు. అందుకే ఈ కేసును విడిగా రాసిపెడుతున్నాను. కుటుంబం సరే అన్నాకే రాస్తున్నా, వాళ్ళను గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నా దగ్గరికి వచ్చిన పార్టీ ఒక తండ్రీకొడుకుల కుటుంబం. వాళ్ళది ఎనుమాముల మార్కెట్ దారిలో ఆరు చాంబర్ల కోల్డ్ స్టోరేజీ. ఫిబ్రవరి నుంచి మే దాకా మార్కెట్‌కు వచ్చే తేజ, వండర్ హాట్, చపాట మిర్చి బస్తాలే వాళ్ళ బతుకుతెరువు. ధర పడిన ఏడాది రైతు అమ్మకుండా బస్తాలు తెచ్చి లోపల పెడతాడు, పెరిగాక తీస్తాడు. 2025 సీజన్‌లో ధర బాగా పడిపోయింది. స్టోరేజీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి, వీళ్ళ దగ్గర చోటు లేక వెనక్కి పంపాల్సి వచ్చింది. పెద్దాయన ఏడో చాంబర్ కట్టాలని ఆ వేసవిలోనే నిర్ణయించుకున్నాడు.

కొడుకు ఆలోచన వేరు. నర్సంపేట, పరకాల, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి కిరాణా షాపులకు ఐస్‌క్రీం డిస్ట్రిబ్యూషన్ మొదలుపెట్టాలని, దానికి షాపుల్లో పెట్టడానికి ఫ్రీజర్లు కావాలని. చైనాలో గృహోపకరణాల ఫ్యాక్టరీలు గుంపుగా ఉన్న ఫోషాన్ నుంచి ఒక సప్లయర్‌ను పట్టాడు. ఆ సప్లయర్ పంపిన ప్రొఫార్మా ఇన్వాయిస్‌లో (ఆర్డర్‌కు ముందిచ్చే ముందస్తు బిల్లులో) రెండూ కలిసే ఉన్నాయి: గాజు మూత ఫ్రీజర్లు, మామూలు మూత ఫ్రీజర్లు, వాటితోపాటు ఏడో చాంబర్‌కు కండెన్సింగ్ యూనిట్లు (కంప్రెసర్, కండెన్సర్ కలిపి ఉండేవి), లోపల వేలాడదీసే ఎయిర్ కూలర్లు. అంతా ఒకే కంటైనర్‌లో, ఒకే ఇన్వాయిస్ మీద.

"గీ ఫ్రీజర్లకు పదిహేను శాతమే గదనే డ్యూటీ? చైనాల ధర గింత తక్కువుంటే ఈడెందుకు కొనాలె?" అన్నాడు పెద్దాయన. ప్రశ్న న్యాయమైనదే. జవాబు మాత్రం ఒక్క అంకెలో లేదు.

ధర ఎందుకు తక్కువైంది

సప్లయర్ కొటేషన్ రెండుసార్లు తగ్గింది. పాత కొటేషన్ పక్కన కొత్తది పెట్టి చూస్తే అవే మోడళ్ళు. కారణం అడిగితే సేల్స్‌మన్ దాచలేదు, అమెరికా ఆర్డర్లు తగ్గాయన్నాడు. అది నమ్మదగిన మాటే. అమెరికా 2025 జూన్ 4న ఉక్కు, అల్యూమినియం సుంకాన్ని 50 శాతానికి పెంచింది. జూన్ 23 నుంచి ఫ్రిజ్‌లు, చెస్ట్ ఫ్రీజర్లు, నిలువు ఫ్రీజర్లు, వాషింగ్ మెషిన్లు, డిష్‌వాషర్లను కూడా ఆ జాబితాలో చేర్చింది. అంటే అప్పట్లో వాటిలో ఉన్న ఉక్కు విలువ మీద ఆ 50 శాతం పడేది. ఫ్రీజర్ బాడీ అంటేనే రేకు. అక్కడ తలుపు ఇరుకైతే ఆ ఫ్యాక్టరీ కొత్త కొనుగోలుదారు కోసం ఇటు చూడడం సహజం.

నేను పార్టీకి చెప్పింది ఇదీ: తగ్గిన ధర వాడుకో, కానీ రేపు స్పేర్ పార్టులూ ఇదే ధరకు వస్తాయని లెక్క కట్టకు. యంత్రం పదేళ్ళు ఉంటుంది, ఈ రాయితీ ఎన్నాళ్ళుంటుందో సప్లయర్‌కే తెలియదు.

వంద రూపాయల లెక్క

పార్టీ ముందు కాగితం మీద వేసిన లెక్కే ఇక్కడ ఇస్తున్నా. సరుకు ధర, ఓడ కిరాయి, బీమా కలిపి మన రేవుకు చేరే విలువ, అంటే సీఐఎఫ్, 100 రూపాయలు అనుకుందాం.

కమర్షియల్ ఫ్రీజర్ల మీద బేసిక్ కస్టమ్స్ సుంకాన్ని 2020 బడ్జెట్‌లో 7.5 నుంచి 15 శాతానికి పెంచారు. కాబట్టి 15 రూపాయలు. ఆ 15 మీద పది శాతం సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జి, రూపాయిన్నర. ఇప్పటికి 116.50. దీని మీద 18 శాతం ఐజీఎస్టీ (దిగుమతి మీద పడే జీఎస్టీ), 20.97. మొత్తం 137.47. పెద్దాయన చెప్పిన పదిహేను చేతికొచ్చేసరికి ముప్పై ఏడున్నర అవుతుంది.

ఫ్రీజర్ల మీద జీఎస్టీ 28 శాతం ఉన్న రోజులు కొందరికి ఇంకా గుర్తున్నాయి. అది 2018 జూలైలోనే 18కి దిగింది. కంప్రెసర్ల మీద కస్టమ్స్ సుంకం సంగతి అలా కాదు, మెట్లెక్కుతూ పోయింది: 2018 సెప్టెంబర్‌లో 7.5 నుంచి 10, 2020లో 12.5, 2021లో 15. దేశంలోనే తయారీ పెరగాలన్నది ఉద్దేశం. ఆ ఉద్దేశంతో నాకు పేచీ లేదు. కానీ వరంగల్‌లో ఒక స్టోరేజీ యజమాని నిర్ణయం తీసుకునేటప్పుడు ఈ మెట్ల వరస కళ్ళ ముందుండాలి. పైకి వెళ్ళిన రేటు అంత తేలిగ్గా కిందికి రాదు.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. 137తో దేశీయ ధరను నేరుగా పోల్చకూడదు. దేశంలో కొన్న ఫ్రీజర్‌కూ 18 శాతం జీఎస్టీ ఉంటుంది. రెండువైపులా ఆ 18ని తీసేస్తే అసలు తేడా 100కు 116.50. అంటే విదేశీ సీఐఎఫ్ ధర దేశీయ ధర కంటే 14 శాతానికి కాస్త పైగా తక్కువ ఉంటేనే ఇద్దరూ సమానం అవుతారు. దాని మీద రేవు ఖర్చులు, కస్టమ్స్ బ్రోకర్ ఫీజు, లారీ కిరాయి, సరుకు రాకముందే కట్టిన డబ్బు మీద వడ్డీ కలిపితే, నా లెక్కలో గీత 20 శాతం దగ్గరికి జరుగుతుంది. అంతకంటే తక్కువ తేడాకు దిగుమతి జోలికి పోవద్దని చెబుతాను.

ఈ గీత పెట్టి కొటేషన్లు చూస్తే విషయం తేలిపోయింది. ఫ్రీజర్లలో చైనా ధర ఇక్కడి తయారీదారుల ధర కంటే పాతిక శాతం దాకా తక్కువ. కండెన్సింగ్ యూనిట్లలో తేడా పది శాతమే. ఒకే ఇన్వాయిస్ మీద ఉండడం వల్ల రెండూ కలిపి లాభంగా కనిపించాయి. విడదీస్తే ఒకటే లాభం.

పేరు రాసే చోట

సప్లయర్ పంపిన కాగితాల్లో గాజు మూత ఫ్రీజర్‌ను ఇన్వాయిస్ మీద "షోకేస్" అని, ప్యాకింగ్ లిస్టులో "చెస్ట్ ఫ్రీజర్" అని రాశారు. అదే సరుకు, అదే మోడల్ నంబర్. ఇలాంటి కాగితాలతో బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి పత్రం) వేస్తే అధికారి సరుకు తెరిచి చూడకుండా వదలడు, వదలకూడదు కూడా.

హెచ్‌ఎస్ పట్టికలో, అంటే కస్టమ్స్ వాడే సరుకుల వర్గీకరణ పట్టికలో, ఇవన్నీ 8418 కిందికే వస్తాయి. కానీ 800 లీటర్ల లోపు చెస్ట్ ఫ్రీజర్ 8418.30, 900 లీటర్ల లోపు నిలువు ఫ్రీజర్ 8418.40, సరుకు నిల్వ చేస్తూ చూపించడానికి కూడా వాడే షోకేసులు, డిస్‌ప్లే కౌంటర్లు 8418.50. వీళ్ళ గాజు మూత మోడల్‌కు వంపు తిరిగిన జరుపుడు అద్దాలు, లోపల లైటు, ముందు బ్రాండ్ బొమ్మ పెట్టే పలక ఉన్నాయి. షాపుకొచ్చిన పిల్లవాడు పైనుంచి చూసి వేలు పెట్టి చూపించడానికే దాన్ని చేశారు. దాన్ని 8418.50గా, మామూలు మూత దాన్ని 8418.30గా విడగొట్టి, ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, కేటలాగ్ మూడింట్లో ఒకే మాట రాయించాం. రెండింటి రేటూ ఒకటే కదా, ఎందుకీ గొడవ అని కుర్రాడు అడిగాడు. ఈ రోజు ఒకటే. రేపు బడ్జెట్‌లో ఒక లైన్ మారితే పాత రికార్డే మన సాక్ష్యం. అదీగాక సరుకు పేరు తప్పు చెబితే కస్టమ్స్ చట్టం 111(ఎం) కింద జప్తు దాకా పోవచ్చు, 112 కింద జరిమానా పడవచ్చు. రేటు తేడా లేదు కదా అన్న మాట అక్కడ చెల్లదు.

కండెన్సింగ్ యూనిట్ దగ్గర ఇంకా పెద్ద చిక్కు. సప్లయర్ దాన్ని "కంప్రెసర్" అని రాసి 8414.30 వేశాడు. కంప్రెసర్ ఒక్కటే వస్తే అది సరే. మరో యంత్రంలో భాగంగా వాడేదైనా సరే, దానికంటూ సొంత హెడ్డింగ్ ఉంటే అక్కడికే పోతుందని సెక్షన్ 16 నోట్ చెబుతుంది. కానీ కంప్రెసర్, కండెన్సర్ ఒకే బేస్ మీద బిగించి వస్తే, ఎవాపరేటర్ (లోపల చల్లబరిచే కాయిల్) లేకపోయినా, అది 8418 కిందికి వస్తుందని హెచ్‌ఎస్ వివరణ నోట్స్ స్పష్టంగా చెబుతున్నాయి. సప్లయర్ పంపిన ఫొటోలో ఒకే ఇనుప చట్రం, దాని మీద కంప్రెసర్, వెనుక ఫ్యాన్లతో కండెన్సర్ కాయిల్, పక్కన రిసీవర్ ట్యాంకు. ఫొటో చూశాక వాదించడానికి ఏమీ మిగలలేదు. అనుమానం మిగిలితే ముంబై, ఢిల్లీల్లో ఉన్న అడ్వాన్స్ రూలింగ్ అథారిటీకి ముందే రాసి తేల్చుకోవచ్చు, అక్కడ వచ్చిన రూలింగ్‌కు దరఖాస్తుదారుతోపాటు శాఖ కూడా కట్టుబడాలి. దానికి మూడు నెలల గడువు ఉంటుంది. వీళ్ళకు వేసవి సీజన్ తరుముతోంది, పైగా ఆ యూనిట్లు తెప్పించాలా వద్దా అన్నదే ఇంకా తేలలేదు.

ప్రాజెక్ట్ ఇంపోర్ట్, అంటే ఒక ప్రాజెక్టుకు కావాల్సిన యంత్రాలన్నీ ఒకే సుంకం రేటుతో తెచ్చే పద్ధతి, దాని సంగతి పెద్దాయనే ఎత్తాడు. ఎవరో చెప్పారట, కోల్డ్ స్టోరేజీకి సుంకం తక్కువని. నిజమే, 9801 హెడ్డింగ్ కింద వ్యవసాయ ఉత్పత్తుల కోల్డ్ స్టోరేజీ ప్రాజెక్టులకు రాయితీ ఉంది. 2022 బడ్జెట్‌లో ఈ ప్రాజెక్టుల రాయితీలను దశలవారీగా తగ్గించి 7.5 శాతం వైపు తెస్తామని చెప్పారు. 7.5 అయినా 100కు 127.74 అవుతుంది, 137 కంటే నయమే. కానీ 1986 ప్రాజెక్ట్ ఇంపోర్ట్ నిబంధనల ప్రకారం కొత్తగా స్థాపించేదైనా కావాలి, లేదా ఉన్న సామర్థ్యం కనీసం 25 శాతం పెరిగే విస్తరణ అయినా కావాలి. ఆరు చాంబర్లకు అదే కొలతతో ఏడోది కలిపితే పెరిగేది పదిహేడు శాతం లోపే. రెండు చాంబర్లు కట్టి ఉంటే ఆ తలుపు తెరుచుకునేది. స్థలం లేదు. ఒక రాయితీ కోసం అప్పు చేసి రెండో చాంబర్ కట్టమని నేను చెప్పను.

ఒకే పన్ను, రెండు ఖాతాలు

ఈ కేసులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించింది ఇదే, నలుగురికీ చెప్పాలనుకున్నదీ ఇదే.

"సార్, ఐజీఎస్టీ ఎలాగూ క్రెడిట్ వస్తుంది కదా, అది ఖర్చు కింద రాయకండి," అన్నాడు కొడుకు. సగం నిజం. క్రెడిట్ అంటే కొన్నప్పుడు కట్టిన పన్నును, అమ్మినప్పుడు కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం.

రైతు తెచ్చిన మిర్చిని నిల్వ చేసినందుకు వచ్చే కిరాయి మీద జీఎస్టీ లేదు, వ్యవసాయ ఉత్పత్తి నిల్వ సేవకు మినహాయింపు ఉంది. (వ్యాపారి సరుకుది వేరే లెక్క. 2022 జూలైలో మసాలా దినుసుల గోదాం సేవల మినహాయింపు కుదించాక అది ఆడిటర్‌తో కూర్చొని తేల్చుకోవాల్సిందే.) మినహాయింపు అంటే వినడానికి బాగుంటుంది. కానీ అమ్మే సేవ మీద పన్ను లేనప్పుడు కొన్న యంత్రం మీద కట్టిన పన్నుకు క్రెడిట్ రాదు. ఏడో చాంబర్ యంత్రాల మీద కట్టే 20.97 మొత్తం ఖర్చే. అది యంత్రం ధరలో కలిసిపోతుంది, బ్యాంకు లోన్‌లో కలిసిపోతుంది, చివరికి బస్తా కిరాయిలో కలుస్తుంది. యంత్రం దేశీయమైనా 18 శాతం అలాగే ఖర్చవుతుంది, కాబట్టి ఏది కొనాలన్న పోలిక దీనివల్ల మారదు. ఎంత డబ్బు తేవాలన్నదే మారుతుంది.

ఫ్రీజర్లది ఇంకో దారి. ఐస్‌క్రీం వ్యాపారానికి జీఎస్టీ ఉంది, కాబట్టి క్రెడిట్ వస్తుంది. వస్తుంది గానీ, 2025 సెప్టెంబర్ 22 నుంచి ఐస్‌క్రీం మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. తినేవాళ్ళకు మేలు. డిస్ట్రిబ్యూటర్‌కు ఒక ఇరుకు. అతను 5 శాతానికి కొని 5 శాతానికి అమ్ముతాడు, కట్టాల్సింది తన మార్జిన్ మీది పన్నే. వంద రూపాయల అమ్మకంలో పది రూపాయలు మార్జిన్ అనుకుంటే కట్టాల్సిన పన్ను 50 పైసలు. ఫ్రీజర్ సీఐఎఫ్‌లో ప్రతి వందకూ ఇరుక్కున్న 20.97 క్రెడిట్ కరగాలంటే దాదాపు 4,200 రూపాయల ఐస్‌క్రీం అమ్మాలి. పాత 18 శాతం రోజుల్లో అయితే 1,165 రూపాయల అమ్మకానికే కరిగిపోయేది.

కట్టినదానికంటే రావాల్సినది ఎక్కువుంటే రీఫండ్ అడగొచ్చు కదా అన్నది తర్వాతి ప్రశ్న. కొన్నదాని మీద పన్ను అమ్మేదాని మీద కంటే ఎక్కువుండే, అంటే రేటు తలకిందులైన కేసుల్లో ఇచ్చే రీఫండ్ లెక్కలోకి ముడిసరుకు వంటి ఇన్‌పుట్లు వస్తాయి, యంత్రాల వంటి క్యాపిటల్ గూడ్స్ రావు. ఫ్రీజర్ క్యాపిటల్ గూడ్. ఆ డబ్బు క్రెడిట్ లెడ్జర్‌లో కనబడుతూనే ఉంటుంది, చేతికి రాదు. కుర్రాడు తన ఎక్సెల్ షీట్‌లో ఆ మొత్తాన్ని మొదటి నెలలోనే వెనక్కి వచ్చినట్టు రాసుకున్నాడు. అది సరిచేసేసరికి మొదటి ఏడాది నడిపే డబ్బులోనే లోటు బయటపడింది. లోటు ముందే కనబడింది కాబట్టి ఓవర్‌డ్రాఫ్ట్ లిమిట్ అడగడానికి టైం దొరికింది.

ఇద్దరి వ్యాపారాలూ ఒకే జీఎస్టీ నంబర్ కింద ఉన్నాయి. పన్ను వ్యాపారానికి మాత్రమే వాడే యంత్రానికి పూర్తి క్రెడిట్, మినహాయింపు వ్యాపారానికి మాత్రమే వాడేదానికి సున్నా, రెండింటికీ వాడితే అరవై నెలలకు పంచి వాటా లెక్క. ఒకే ఇన్వాయిస్, ఒకే బిల్ ఆఫ్ ఎంట్రీ మీద అన్నీ తెస్తే రేపు అధికారి ఏది ఎక్కడ వాడుతున్నావు అని అడిగినప్పుడు జవాబు నోటిమాటగానే ఉంటుంది. ఏం తెప్పించినా ఇన్వాయిస్‌లు వేరు, బిల్ ఆఫ్ ఎంట్రీలు వేరు, పెట్టిన చోటు చూపే రిజిస్టర్ వేరు అని మొదటి రోజే చెప్పాను.

థాయిలాండ్ దారి వద్దన్న సంగతి

సప్లయర్ ఇంకో మాట అన్నాడు. బ్యాంకాక్‌లో తమ ఆఫీసు ఉందని, అక్కడి నుంచి ఆసియాన్ (ఆగ్నేయాసియా దేశాల కూటమి) సర్టిఫికెట్‌తో పంపితే సుంకం పడదని. భారత్–ఆసియాన్ ఒప్పందం 2010 నుంచి నడుస్తోంది, షెడ్యూల్‌లో రాయితీ ఉన్న వస్తువులకు అది నిజంగానే పెద్ద మేలు. సుంకం సున్నా అయితే 100కు 118తో సరిపోతుంది. అందుకే ఆశ పుడుతుంది.

కానీ ఆ రాయితీ థాయిలాండ్‌లో తయారైనదానికి, థాయిలాండ్ మీదుగా వచ్చినదానికి కాదు. అక్కడ చేరిన విలువ కనీసం 35 శాతం ఉండాలి, దాంతోపాటు వస్తువు హెచ్‌ఎస్ ఉపశీర్షిక మారేంత తయారీ జరగాలి. 2020 సెప్టెంబర్ 21 నుంచి కారోటార్, అంటే ఒప్పంద రాయితీ కోరే సరుకు ఎక్కడ తయారైందో రుజువు చేసే నిబంధనలు, వచ్చాయి. సర్టిఫికెట్ చూపిస్తే సరిపోదు, ఆ వస్తువు ఎలా తయారైంది, విలువ ఎలా లెక్కేశారు అన్న సమాచారం దిగుమతిదారు దగ్గరే ఉండాలి, ఐదేళ్ళు దాచాలి. ఫోషాన్‌లో తయారైన ఫ్రీజర్‌కు బ్యాంకాక్‌లో స్టిక్కర్ మార్చి పంపితే ఆ సమాచారం ఎక్కడి నుంచి వస్తుంది? పట్టుబడితే తేడా సుంకం, వడ్డీ, జరిమానా అన్నీ వరంగల్ పార్టీ మీదే పడతాయి. సప్లయర్ ఫోన్ ఎత్తడు. పెద్దాయన ఈ మాట వినగానే "గా దొంగతొవ్వ మనకొద్దు" అన్నాడు, చర్చ అక్కడితో ఆగింది.

నేమ్‌ప్లేట్

సుంకం గురించి రాస్తూ దీనికి ఇంత చోటు ఎందుకంటే, డబ్బు కట్టి తెచ్చిన యంత్రం మే నెలలో ఆగిపోతే ఈ లెక్కలన్నీ వృథా.

శాంపిల్‌గా ఒక ఫ్రీజర్ ముందే వచ్చింది. వెనక వైపు కింద, కంప్రెసర్ జాలీ పక్కన వెండి రంగు రేకు. కుర్రాడు ఫోన్ టార్చ్ వేసి పట్టుకుంటే చదివాను. 220 వోల్టులు, 50 హెర్ట్జ్, సరే. క్లైమేట్ క్లాస్ అన్న చోట "ఎస్‌టీ". అంటే చుట్టూ 38 డిగ్రీల దాకా పనిచేసేలా రూపొందించింది. మన దగ్గర మే నెలలో రామగుండం, భూపాలపల్లి వైపు పగలు 43 దాటడం కొత్త కాదు. కిరాణా షాపులో రేకుల షెడ్డు కింద, గోడకు ఆనించి పెడితే ఇంకా ఎక్కువ. "టీ" క్లాస్, అంటే 43 డిగ్రీల దాకా పనిచేసేది కావాలని అడిగాం. ధర కాస్త పెరిగింది. పెరిగిన ధర మీద సుంకం కూడా పెరిగింది. అయినా అది తప్పనిసరి ఖర్చు అని నా పట్టుదల.

అదే రేకు మీద గ్యాస్ పేరు ఆర్-404ఏ. దాని భూతాప ప్రభావం కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే 3,900 రెట్లకు పైన. ఇలాంటి గ్యాసులను తగ్గించే అంతర్జాతీయ ఒప్పందం కిగాలి సవరణను భారత్ 2021 సెప్టెంబర్‌లో ఆమోదించింది. దాని ప్రకారం ఈ రకం గ్యాసుల వాడకం మన దేశంలో 2028లో ఒక స్థాయి దగ్గర ఆగి, 2032 నుంచి తగ్గుతూ పోవాలి. పాత ఆర్-22 గ్యాస్‌కు ఇంతకు ముందు ఇదే జరిగింది, 2025 జనవరి 1 నుంచి మన దేశంలో కొత్త పరికరాల తయారీలో దాని వాడకం ఆగిపోయింది. పదేళ్ళు వాడాల్సిన ఫ్రీజర్‌కు తగ్గిపోతున్న గ్యాస్ ఎందుకు? ఆర్-290, అంటే ప్రొపేన్ మోడల్ తీసుకున్నాం. అది మండే గ్యాస్, కాబట్టి రిపేరుకు వచ్చే మెకానిక్‌కు శిక్షణ ఉండాలి. వరంగల్‌లో ఇద్దరు మెకానిక్‌లను కుర్రాడు ఆర్డర్ పెట్టకముందే శిక్షణకు పంపాడు. ఈ కుర్రాడి మీద నాకు నమ్మకం కుదిరింది అప్పుడే.

ఇంకో రెండు కాగితాలు. రిఫ్రిజిరేటింగ్ అప్లయెన్సెస్ నాణ్యత నియంత్రణ ఉత్తర్వు 2020లో వచ్చింది. బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) లైసెన్స్ విదేశీ ఫ్యాక్టరీ పేరిట ఉండాలి, దిగుమతిదారు పేరిట కాదు. లైసెన్స్ నంబర్ తీసుకుని బీఐఎస్ సైట్‌లో వెతికి, మనం కొనే మోడల్ దాని పరిధిలో ఉందని చూశాకే అడ్వాన్స్ కట్టించాను. రెండోది ఈ-వ్యర్థాల నిబంధనలు, 2022. ఫ్రీజర్లు దిగుమతి చేసుకుని మార్కెట్‌లోకి వదిలేవాడు సీపీసీబీ (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి) పోర్టల్‌లో ఉత్పత్తిదారుగా నమోదు కావాలి, పాతబడ్డాక రీసైక్లింగ్ బాధ్యత కూడా మోయాలి. చిన్న దిగుమతిదారుల్లో చాలామంది ఈ నమోదును మరిచి సరుకు తెస్తారు.

దారి, తేదీ

ఫ్రీజర్ అంటే రేకు డబ్బాలో గాలి. నలభై అడుగుల కంటైనర్ బరువుతో నిండదు, చోటుతో నిండుతుంది. అందుకే ఒక్కో ఫ్రీజర్ మీద పడే ఓడ కిరాయి ఎక్కువ, ఆ కిరాయి సీఐఎఫ్‌లో కలిసి దాని మీద కూడా సుంకం పడుతుంది. ఎర్ర సముద్రంలో దాడుల వల్ల 2023 చివరి నుంచి ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరగడం మొదలైంది. చైనా నుంచి మనకు వచ్చే దారి అది కాకపోయినా కంటైనర్ల కొరతతో మన కిరాయిలూ ఎగిరాయి. కిరాయి పెరిగితే సుంకం పెరుగుతుందన్న సంగతి చాలామంది బడ్జెట్‌లో రాసుకోరు.

సప్లయర్ ధర ఎఫ్‌ఓబీ, అంటే ఓడ కిరాయి, బీమా కలపకుండా అక్కడి రేవులో ఓడెక్కించేదాకా ధర. ఓడ కిరాయి బిల్లు మన దగ్గర లేకపోతే కస్టమ్స్ ఎఫ్‌ఓబీ మీద 20 శాతం కిరాయిగా ఊహించుకుంటుంది, బీమా తెలియకపోతే 1.125 శాతం. అసలు కిరాయి అంతకంటే తక్కువైతే ఆ బిల్లు దొరకకపోవడం నేరుగా నష్టం. ఫార్వర్డర్ నుంచి కిరాయి ఇన్వాయిస్ ముందే తీసిపెట్టాం.

ముంబై దగ్గరి నవా షెవా రేవు మీదుగా రైల్లో హైదరాబాద్ సనత్‌నగర్ ఐసీడీకి (రేవుకు దూరంగా ఉండే కస్టమ్స్ కంటైనర్ డిపో) తెప్పించి, అక్కడ క్లియరెన్స్ చేసుకుని 163 జాతీయ రహదారి మీద వరంగల్ తేవాలని నిర్ణయించాం. తెరిచి చూడాల్సి వస్తే చెన్నై కంటే సనత్‌నగర్ మనకు దగ్గర, కుర్రాడు పొద్దున బయలుదేరి సాయంత్రానికి ఇంటికి రావచ్చు. దీనికి బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ కంపెనీ ఇచ్చే రవాణా పత్రం) మీదే చివరి గమ్యం సనత్‌నగర్ ఐసీడీ అని రాయించాలి. నవా షెవా అని మాత్రమే రాస్తే అక్కడే చిక్కు మొదలవుతుంది.

తేదీ విషయంలో పట్టుబట్టాను. సుంకం రేటు ఆర్డర్ పెట్టిన రోజుది కాదు, డబ్బు కట్టిన రోజుదీ కాదు. బిల్ ఆఫ్ ఎంట్రీ వేసిన రోజు, ఓడకు ప్రవేశం దొరికిన రోజు, ఈ రెండింట్లో ఏది తర్వాతైతే ఆ రోజుది. ఫిబ్రవరి 1 బడ్జెట్. ఐస్‌క్రీం సీజన్ మార్చి నుంచి. జనవరి మధ్యలో దిగేలా ఓడ బుక్ చేస్తే బడ్జెట్ భయం లేదు, షాపులకు పంచడానికి టైం ఉంటుంది. జనవరి చివర ఓడ ధర కొంచెం తక్కువ ఉంది, అయినా తీసుకోలేదు. బిల్ ఆఫ్ ఎంట్రీ కూడా ముందే వేసి పెట్టాం. ఆలస్యమైతే మొదటి మూడు రోజులు రోజుకు ఐదు వేలు, తర్వాత రోజుకు పది వేలు, కంటైనర్ నిలిచినందుకు షిప్పింగ్ లైన్ వాళ్ళు వేసేది వేరే.

ఏం తేలింది

ఫ్రీజర్లు మాత్రమే చైనా నుంచి వచ్చాయి. కండెన్సింగ్ యూనిట్లు ఇన్వాయిస్ నుంచి తీసేశాం.

ఏడో చాంబర్‌కు పెద్దాయన మొదటి నుంచీ అమ్మోనియా కావాలనే అంటున్నాడు. కొడుకు ప్యాకేజ్డ్ ఫ్రియాన్ గ్యాస్ యూనిట్లయితే బిగించడం సులువు, ఆపరేటర్ అక్కర్లేదు అన్నాడు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. కానీ ఆరు చాంబర్లు ఇప్పటికే అమ్మోనియా మీద నడుస్తున్నాయి, ఆపరేటర్ ఉన్నాడు, కూలింగ్ టవర్ ఉంది. అమ్మోనియాకు భూతాప ప్రభావం సున్నా, కిగాలి గడువులు దానికి తగలవు. అమ్మోనియా కంప్రెసర్లు మన దేశంలోనే దశాబ్దాలుగా తయారవుతున్నాయి, సుంకం ప్రశ్నే రాదు, స్పేర్ పార్టు హైదరాబాద్‌లో దొరుకుతుంది. మిర్చికి కావాల్సింది 4 నుంచి 8 డిగ్రీలు, మైనస్‌కు పోనక్కర్లేదు. "బాపు చెప్పిందే కరెక్ట్ లెక్క సార్," అన్నాడు కొడుకు, తన షీట్ తానే మార్చుకున్నాక.

చాంబర్ లోన్‌ను వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధి కింద పెట్టించాం, రెండు కోట్ల దాకా లోన్ మీద ఏడేళ్ళపాటు మూడు శాతం వడ్డీ రాయితీ ఉంటుంది. లోన్ అప్లికేషన్‌లో యంత్రం ధర 18 శాతం జీఎస్టీ కలిపే చూపించాం, ఆ పన్ను వెనక్కి రాదు కాబట్టి.

సనత్‌నగర్‌లో అధికారి కంటైనర్ తెరిపించాడు. గాజు మూత ఫ్రీజర్ ఒకటి, మామూలుది ఒకటి దింపించి మోడల్ నంబర్, నేమ్‌ప్లేట్, బీఐఎస్ గుర్తు చూశాడు. కాగితంలో ఉన్నదే డబ్బాలో ఉంది. ప్రశ్నలు పెద్దగా రాలేదు. ఫ్రీజర్లు వరంగల్ గోదాంకు చేరాక ఒక్కోదాని సీరియల్ నంబర్, అది వెళ్ళిన షాపు, తేదీ రాసే రిజిస్టర్‌ను కుర్రాడు ఆ రోజే తెరిచాడు.

ఇప్పుడు మిగిలిన పని విడి కంప్రెసర్లది. వేసవిలో పాడయ్యేవాటి కోసం కొన్ని ముందే తెచ్చిపెట్టుకోవాలి. విడిగా వస్తే అవి 8414.30, సుంకం 15 శాతమే. కానీ విడి పార్టుల్లో చైనా ధర తేడా ఆ 20 శాతం గీత దాటుతుందో లేదో చూడాలి. రెండు కొటేషన్లు టేబుల్ మీద ఉన్నాయి. ఒకటి ఫోషాన్ నుంచి, ఇంకోటి దేశీయ తయారీదారుది. ఈ వారంలో తేలుస్తాం.